టైమ్ మెషీన్ బుక్కరాయసముద్రంలో దిగితే.. హీరోకి ఏం కనిపించేది?

'ఆదిత్య 369' గుర్తుందా? 1991లో సింగీతం శ్రీనివాసరావు తీసిన ఈ సైన్స్ ఫిక్షన్ సినిమాలో బాలకృష్ణ టైమ్ మెషీన్ ఎక్కి 1526కి, శ్రీకృష్ణదేవరాయల కాలానికి వెళ్తాడు. అదే మెషీన్ దారి తప్పి అనంతపురం పక్కనున్న బుక్కరాయసముద్రంలో దిగి ఉంటే? అక్కడ ఇప్పుడున్న చెరువే కనిపించేది. అప్పటికే దాని వయసు 162 ఏళ్లు!

అదెలా?
విజయనగర రాజు మొదటి బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడెయరు 1364లో పండమేరుకు అడ్డంగా కట్ట వేయించారని చరిత్ర చెబుతోంది. కట్టకు ఒక కొసన బుక్కరాయసముద్రం, రెండో కొసన అనంతసాగరం వెలిశాయి. ఆ అనంతసాగరమే నేటి అనంతపురం అంటారు.

చెరువు ఎందుకు?
నైరుతి మేఘాలు పడమటి కనుమల్లోనే చాలావరకు కురిసేస్తాయి. ఇక్కడ ఏడాదికి పడేది సుమారు 550 మిల్లీమీటర్లే. వచ్చిన నాలుగు వానల్ని ఆపుకుంటేనే బతుకు.

సినిమాలో 2504 సంగతేంటి?
అణుయుద్ధం తర్వాత రేడియేషన్ వల్ల జనం భూమి కింద తలదాచుకుంటారు. అంటే ముందు తరం తప్పుకి తర్వాతి తరానికి శిక్ష. ఈ చెరువు కథ దానికి పూర్తిగా రివర్స్. కట్టినవాళ్లు తాము చూడని తరాల కోసం కూడా నీళ్లు దాచిపెట్టారు.

ఇక మన వంతు. పూడిక తీయాలి, కట్టను కాపాడుకోవాలి, వాగు దారి మూసుకుపోకుండా చూడాలి. అప్పుడే 2504లో దిగేవాళ్లకీ ఇక్కడ నీళ్లు కనిపిస్తాయి.