కాన్పు సంచి: ఆమడగూరు నుంచి కదిరి దాకా

కాన్పుకు ఆసుపత్రికి పోయేటప్పుడు వెంట ఉండాల్సిన బట్టలూ కాగితాలూ ముందుగానే ఒకచోట సర్ది పెట్టుకోవాలని ఇప్పుడు ప్రతి ఏఎన్ఎం, ప్రతి ఆశా కార్యకర్తా చెబుతున్నారు. ఆ సంచిలో ఏముండాలన్నది ఆసుపత్రి ఎంత దూరంలో ఉందన్నదాన్ని బట్టి మారుతుంది. నాలుగు వీధుల అవతల నర్సింగ్ హోమ్ ఉన్న పట్నం ఇంట్లో, మరిచిపోయిన వస్తువును పావుగంటలో తెప్పించుకోవచ్చు. శ్రీసత్యసాయి జిల్లాలో, కర్ణాటక సరిహద్దుకు దగ్గరగా ఉన్న ఆమడగూరు మండలంలో ఆ వీలు లేదు. ఆపరేషన్ అవసరమయ్యే కాన్పయితే కదిరి ఏరియా ఆసుపత్రికి ముప్ఫై కిలోమీటర్లకు పైనే పోవాలి. అక్కడా కాదంటే హిందూపురం జిల్లా ఆసుపత్రి, లేదా వంద కిలోమీటర్లు దాటాక వచ్చే అనంతపురం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి. ఊరి పేరులో వినబడే ‘ఆమడ’ పాతకాలపు దూరపు కొలత, ఎనిమిది పది మైళ్లు. ఆ లెక్కన కదిరే రెండు ఆమడలు. అందుకే ఇక్కడ సంచిని ఆసుపత్రి గదిని దృష్టిలో పెట్టుకుని కాక, దారిని దృష్టిలో పెట్టుకుని సర్దుకోవాలి.

సర్దడానికి సరైన కాలం ఎనిమిదో నెల దాటే సమయం, అంటే 34 నుంచి 36 వారాల మధ్య. కవలలున్నా, బీపీ ఉన్నా, ముందు కాన్పు నెలలు నిండకుండానే అయి ఉన్నా అంతకంటే ముందే కట్టి పెట్టుకోవాలి. రాయలసీమలో తొలి కాన్పు పుట్టింట్లో జరగడం ఆనవాయితీ. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో పిలుచుకొస్తారు, ఎనిమిదో నెలలో ప్రయాణం పెట్టుకోరు. ఈ పద్ధతితో చిక్కు బట్టల దగ్గర రాదు, కాగితాల దగ్గర వస్తుంది. ఆమడగూరు, ఓబుళదేవరచెరువు పక్కల నుంచి బెంగళూరుకు పనికి పోయిన కుటుంబాలు చాలా ఉన్నాయి. అక్కడ కడుపుతో ఉన్నప్పుడు పరీక్షలు జరిగి ఉంటాయి. అక్కడి వాళ్లు ‘తాయి కార్డు’ అనే పుస్తకం అక్కడే బీరువాలో ఉండిపోతుంది. మనిషి మాత్రం ఇక్కడికి వచ్చేస్తుంది. నొప్పులు మొదలయ్యాక డ్యూటీ డాక్టరు అడిగే మొదటి ప్రశ్నలకు ఇంట్లో ఎవరి దగ్గరా జవాబుండదు.

కాబట్టి సంచిలో మొదట పెట్టాల్సింది కాగితాల కవరు. తడవని పాలిథిన్ కవరయితే మేలు. అందులో మాతా శిశు సంరక్షణ కార్డు ఉండాలి. ఊళ్లో దీన్ని తల్లీబిడ్డ కార్డు అంటారు. గర్భిణిగా నమోదైనప్పుడు ఇచ్చే ఆర్‌సీహెచ్ నంబరు దీని మీదే ఉంటుంది. రక్తం గ్రూపు, హిమోగ్లోబిన్, హెచ్ఐవీ, హెపటైటిస్-బి, షుగరు పరీక్షల రిపోర్టులు, స్కానింగ్ కాగితాలన్నీ కావాలి; చివరి స్కాన్ ఒక్కటే చాలదు. నెలల లెక్క తేల్చడానికి మొదటి మూడు నెలల్లో తీసిన స్కానే ఎక్కువ నమ్మదగింది. ముందు కాన్పు ఆపరేషనయితే అప్పటి డిశ్చార్జి కాగితం తప్పకుండా పెట్టాలి. ఆనాటి కోత ఎలాంటిదో, ఎందుకు కోశారో తెలిస్తేనే ఈసారి మామూలు కాన్పుకు ప్రయత్నించవచ్చో లేదో డాక్టరు తేల్చగలుగుతారు. ఇవి కాక ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాసుపుస్తకం జిరాక్సులు. జననీ సురక్షా యోజన సాయం గానీ, మొదటి బిడ్డకు 5,000, రెండో బిడ్డ ఆడపిల్ల అయితే 6,000 రూపాయలిచ్చే ప్రధానమంత్రి మాతృ వందన యోజన డబ్బు గానీ తల్లి పేరు మీదున్న ఖాతాలోనే పడుతుంది. పెళ్లయ్యాక ఇంటిపేరు మారి, ఆధార్‌లో ఒకలా, పాసుపుస్తకంలో ఒకలా ఉండటం మామూలు. దాన్ని సరిచేయించుకోవాల్సింది ఏడో నెలలో, గ్రామ సచివాలయం దగ్గర. ఆసుపత్రి కౌంటరు దగ్గర తేలే పని కాదది.

కవరు మీద కనబడేలా ఒక చీటీ అంటించడం మంచిది. మనిషి పేరు, రక్తం గ్రూపు, పడని మందులు, భర్తదీ ఇంకో ఇద్దరిదీ ఫోన్ నంబర్లు, రక్తం ఇవ్వడానికి ఒప్పుకున్న ఇద్దరి పేర్లు. రక్తహీనత ఎక్కువగా కనిపించే ప్రాంతం ఇది. రక్తస్రావం అయ్యే కాన్పులో దాతను వెతకడానికి పట్టే గంట చాలా పెద్దది.

తల్లి బట్టల విషయంలో కొత్తవాటి కంటే పాతవే పనికొస్తాయి. ముందు వైపు జిప్పున్న నూలు నైటీలు మూడు నాలుగు, ముదురు రంగు లంగాలు రెండు, లోదుస్తులు, పెద్ద సైజు ప్యాడ్లు రెండు ప్యాకెట్లు, తువ్వాళ్లు, రబ్బరు చెప్పులు. నైటీకి జిప్పు ఎందుకంటే పాలివ్వడానికి, బిడ్డను ఒంటికి ఆనించి పడుకోబెట్టుకోవడానికి వీలు కోసం. చీర మీదే వస్తామనే వాళ్లు ఒక్క సంగతి గమనించాలి. ఆపరేషన్ కోత పొత్తికడుపు కింది భాగంలో అడ్డంగా ఉంటుంది. లంగా నాడా ముడి దిగజారితే సరిగ్గా కుట్ల మీదికే వస్తుంది. లేవడం, వంగడం, దగ్గడం అన్నీ నొప్పే అయిన ఆ మొదటి రోజుల్లో ఆ ముడి ఒక శిక్ష. గాజులు, కమ్మలు, ముక్కుపుడక, మెట్టెలు ఇంట్లోనే వదిలి రావాలి. ఆపరేషన్ గదిలోకి పోయే ముందు ఎలాగూ తీయిస్తారు, తీసినవి ఎవరి చేతిలో పెట్టారో ఆ కంగారులో గుర్తుండదు. గోళ్ల రంగు కూడా చెరిపేసుకోవాలి. రక్తంలో ఆక్సిజన్ చూసే క్లిప్పు వేలికే పెడతారు.

ఎన్ని జతలు పెట్టాలన్నదానికి ఒక కొలత ఉంది. 2011 జూన్ 1న మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ప్రభుత్వాసుపత్రిలో కాన్పు, మందులు, పరీక్షలు, రక్తం, భోజనం, రానూపోనూ వాహనం అన్నీ ఉచితం. మామూలు కాన్పుకు మూడు రోజులు, ఆపరేషన్‌కు ఏడు రోజులు భోజనం పెట్టాలని అందులో ఉంది. ఆ మూడు, ఏడు అంకెలే సంచికీ లెక్క. మూడు రోజులకు సరిపడా తీసుకుపోయి, మిగతా నాలుగు రోజులవి ఇంట్లో ఒక మూటగా కట్టి ఉంచితే, అవసరమైనప్పుడు వచ్చేవాళ్లు పట్టుకొస్తారు.

బిడ్డ బట్టల దగ్గరికొచ్చేసరికి సంచి సర్దడానికీ సంప్రదాయానికీ పేచీ వస్తుంది. పుట్టకముందే బిడ్డకు కొత్త బట్టలు కొనకూడదని చాలా ఇళ్లలో నమ్మకం. ఊయలా, చొక్కాలూ అన్నీ బిడ్డ పుట్టాకే, కొన్ని ఇళ్లలో బారసాల నాటికే. పురిట్లోనే బిడ్డలు పోయే రోజులు ఎక్కువగా చూసిన తరాల భయం అది. అయితే ఆ తరాల అవ్వలే దానికి విరుగుడు కూడా చూపించారు. బాగా నలిగిన నూలు చీరను, పంచెను ఉతికి, ఎండలో ఆరబెట్టి, మూర మూర ముక్కలుగా చింపి మడత పెట్టేవాళ్లు. అవే పొత్తిళ్లు. ‘పొత్తిళ్లలో బిడ్డ’ అనే మాటలోని గుడ్డలు ఇవే. వీటిని కొనక్కర్లేదు కాబట్టి నమ్మకానికి భంగం లేదు. వంద ఉతుకులకు మెత్తబడిన నూలు కాబట్టి పసి చర్మానికి గీరదు, తడిని బాగా పీలుస్తుంది. అంగళ్లలో అమ్మే జరీ అంచు బేబీ సెట్లకు ఈ గుణాలేవీ లేవు. చేయాల్సిందల్లా వేడినీళ్లలో ఉడికించి, నిండు ఎండలో ఆరేసి, ఇస్త్రీ పెట్టి, శుభ్రమైన కవర్లో మూట కట్టడం. పది పన్నెండు గుడ్డలు, రెండు మెత్తటి తువ్వాళ్లు, రెండు మూడు టోపీలు, కాళ్లకు సాక్సులు, ఒక చిన్న దుప్పటి. ఇంతకు మించి మొదటి మూడు రోజుల్లో బిడ్డకు అక్కర్లేదు.

టోపీని చాలామంది ముచ్చటకు పెట్టేదనుకుంటారు. పుట్టిన బిడ్డ ఉమ్మనీటితో తడిసి ఉంటుంది, ఒంటిలో తల వాటా పెద్దది, వేడి అక్కణ్ణుంచి తొందరగా పోతుంది. డిసెంబరు, జనవరి రాత్రుల్లో ఈ ప్రాంతపు చలి తక్కువేం కాదు. వెంటనే తుడిచి, తడి గుడ్డ తీసేసి, పొడి గుడ్డలో చుట్టి, తల్లి రొమ్ము మీద పడుకోబెట్టాలి. స్నానం కనీసం 24 గంటలు ఆగి చేయించాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. తక్కువ బరువుతో పుట్టిన పిల్లలకు తల్లి ఒంటి వేడే ఇంక్యుబేటరులా పనిచేస్తుందని 1978లో కొలంబియా దేశంలోని బొగోటాలో వైద్యులు ఆచరణలో పెట్టి చూపించారు. దాన్నే కంగారూ పద్ధతి అంటున్నారు. జిప్పు నైటీ ఇక్కడ మళ్లీ పనికొస్తుంది.

సంచిలో పెట్టకూడనివీ ఉన్నాయి. పాలసీసా, పాలపొడి డబ్బా అక్కర్లేదు. మొదటి గంటలో పట్టించే ముర్రుపాలే మొదటి ఆహారం. పాలపొడి, సీసాల ప్రచారాన్ని 1992 నాటి చట్టం నిషేధించింది కూడా. నాలుకకు రాయడానికి తెచ్చే తేనెలో బొటులిజం కలిగించే క్రిముల బీజాలుండే ప్రమాదం ఉంది. ఏడాది నిండేదాకా తేనె వద్దు. కాటుకలో సీసం ఉండొచ్చు. బొడ్డు మీద వేయడానికి ఆముదం, పసుపు, బూడిద ఏవీ పనికిరావు, బొడ్డుతాడు పొడిగా ఉంటే దానంతటదే ఎండి రాలిపోతుంది. వీటిని అత్తగారో అవ్వో చివరి నిమిషంలో సంచి అంచున దోపుతారు. కాబట్టి కాదని చెప్పాల్సిన మాటేదో ముందే, ఏఎన్ఎం నోట చెప్పిస్తే ఇంట్లో గొడవ ఉండదు.

ప్రభుత్వాలే ఈ సామాన్లు ఇచ్చిన సందర్భాలున్నాయి. ఫిన్లాండ్‌లో 1938 నుంచి పేద తల్లులకు, 1949 నుంచి అందరికీ, బిడ్డ బట్టలున్న అట్టపెట్టె ఇస్తున్నారు. ఆ పెట్టే బిడ్డకు మొదటి పడక అయ్యేది. నాలుగో నెల దాటకముందే పరీక్షకు వస్తేనే ఆ పెట్టె ఇచ్చేవాళ్లు, అసలు కిటుకు అదే. తెలంగాణలో 2017లో వచ్చిన కేసీఆర్ కిట్‌లో దోమతెర, సబ్బు, నూనె, తల్లికి చీరలు, బిడ్డకు బట్టలు ఇచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ బేబీ కిట్ పేరుతో అలాంటిదే నడిచింది. ఈ రెండు కిట్లూ చేతికొచ్చేది కాన్పయ్యాకే. బిడ్డను తుడిచే మొదటి గుడ్డ మాత్రం ఇంటి సంచిలోంచే రావాలి.

తోడు వచ్చే మనిషికి విడిగా ఇంకో సంచి ఉండాలి. రెండూ కలిపేస్తే నర్సు బిడ్డ గుడ్డ అడిగినప్పుడు చాప, చెంబు, ఫోన్ చార్జరు, స్టీలు గ్లాసులు అన్నీ నేల మీద గుమ్మరించాల్సి వస్తుంది. రాయలసీమ ఇళ్లలో ఉండే ప్లాస్టిక్ వైరు బుట్ట దీనికి బాగా పనికొస్తుంది. వేడినీళ్ల ఫ్లాస్కు, పళ్లెం, బకెట్, మగ్గు, దుప్పటి, సబ్బు, చిల్లర నోట్లు అందులో పోతాయి. నొప్పుల సమయంలో డాక్టరు వద్దనకపోతే నీళ్లు, పల్చటి రాగిజావ తాగించవచ్చు. ఆపరేషన్ మాట వచ్చాక మాత్రం చెప్పకుండా గుక్కెడు కూడా పట్టకూడదు.

ఉమ్మనీరు పోయినా, రక్తం కనబడినా, బిడ్డ కదలిక తగ్గినా, విపరీతమైన తలనొప్పితో కళ్లు మసకబారినా నొప్పుల కోసం ఎదురు చూడకుండా బయల్దేరాలి. ఐదు నిమిషాలకోసారి నొప్పులొచ్చేదాకా ఆగండన్న సలహా పట్నం వాళ్లకు సరిపోతుంది, కదిరి దారిలో ఉన్నవాళ్లకు కాదు. రాష్ట్రంలో 108 అంబులెన్సు 2005 ఆగస్టు 15న మొదలైంది. అందులో కాన్పు సామగ్రి, తర్ఫీదైన సిబ్బంది ఉంటారు. దారిలోనే బిడ్డ పుట్టడం వాళ్లకు కొత్త కాదు. అందుకే సంచి సర్దేటప్పుడు అన్నిటికంటే పైన, జిప్పు లాగగానే చేతికి తగిలేలా మూడు వస్తువులుంచాలి: తుడవడానికి ఒక తువ్వాలు, చుట్టడానికి ఇంకొకటి, ఒక టోపీ. కాగితాల కవరు పక్క జేబులో ఉండాలి. మిగతావన్నీ అడుగున ఎలా ఉన్నా ఫరవాలేదు. సంచి ఎక్కడుందో ఇంట్లో ఇద్దరికైనా తెలిసి ఉండాలి. పగలు నొప్పులొస్తే మగవాళ్లు చేను దగ్గరుంటారు. పక్కింటి వాళ్లు పట్టుకొచ్చినా పనికొచ్చేలా ఉండాలది.

ఇంటికి తిరిగొచ్చేటప్పుడు సంచిలో కొత్తగా చేరేవి కాగితాలే. డిశ్చార్జి కాగితం, బీసీజీ, పోలియో చుక్కలు, పుట్టిన 24 గంటల్లో వేసే హెపటైటిస్-బి టీకా వివరాలు రాసిన కార్డు, జనన నమోదుకు ఆసుపత్రి ఇచ్చే రిపోర్టు. జననాన్ని 21 రోజుల్లోగా నమోదు చేయాలని 1969 చట్టం చెబుతుంది. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టినవాళ్లకు బడిలో చేరడం మొదలు పాస్‌పోర్టు దాకా పుట్టిన తేదీకి ఆ ధ్రువపత్రమే ఆధారం. కనుక తల్లిదండ్రుల పేర్లు అక్షరం తప్పు పోకుండా రాశారో లేదో ఆసుపత్రిలో ఉండగానే చదివి చూసుకోవాలి. బిడ్డ పేరు అప్పటికి పెట్టి ఉండనక్కర్లేదు, ఏడాదిలోపు ఎప్పుడైనా రుసుము లేకుండా చేర్పించుకోవచ్చు.