జబ్బు వేరు, వైకల్యం వేరు: తీవ్ర అనారోగ్యంలో ఉన్నవారు పింఛనుకు ఏ దారిలో వెళ్లాలి?

ఆంధ్రప్రదేశ్ | ఎన్టీఆర్ భరోసా సామాజిక భద్రతా పింఛన్లు | సులభ వివరణ

ఇంట్లో ఒకరికి పక్షవాతం వచ్చినా, డయాలసిస్ మొదలైనా ముందు ఆగిపోయేది సంపాదన. మందుల ఖర్చు మాత్రం ఆగదు. అలాంటప్పుడు నెలనెలా వచ్చే పింఛను పెద్ద ఆసరా. కానీ చాలా కుటుంబాలు దరఖాస్తు దగ్గరే నెలల తరబడి తిరుగుతున్నాయి. కారణం ఒక్కటే: వెళ్లాల్సిన దారి ఒకటైతే, వెళ్లేది ఇంకొకటి.

"పింఛను కావాలంటే సదరం సర్టిఫికెట్ ఉండాలి" అని ఎవరో చెబుతారు. అది విని కిడ్నీ రోగిని ఆటోలో ఎక్కించుకుని సదరం క్యాంపుకు తీసుకెళ్తారు. అక్కడ కిడ్నీ జబ్బుకు శాతం వేయరు. రోజు వృథా, ఆటో డబ్బులు వృథా, మనిషికి అలసట. అందుకే దరఖాస్తు కంటే ముందు ఈ పీడీఎఫ్ మొత్తం ఒకసారి చదవండి.

■ ముందు తెలుసుకోవాల్సింది: దారులు రెండు

మొదటిది దివ్యాంగుల దారి. ఇక్కడ చూసేది జబ్బు పేరు కాదు. ఆ జబ్బు వల్ల శరీరంలో ఏ పని శాశ్వతంగా దెబ్బతింది, ఎంత శాతం దెబ్బతింది అని చూస్తారు. దీనికి సదరం సర్టిఫికెట్ లేదా యూడీఐడీ కార్డు ఆధారం. కనీసం 40 శాతం ఉండాలి.

రెండోది వైద్య పింఛను దారి. ఇక్కడ శాతం ఉండదు. ప్రభుత్వం జాబితాలో పెట్టిన జబ్బు మీకు ఉందా, ఏ దశలో ఉంది అని చూస్తారు. ప్రభుత్వ ఆసుపత్రి వైద్యుల నిర్ధారణ, పరీక్షల రిపోర్టులు దీనికి ఆధారం.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలు ఉన్నాయి. వాటిలో కిడ్నీ జబ్బు లేదు, క్యాన్సర్ లేదు, గుండె జబ్బు కూడా లేదు. తలసేమియా, సికిల్ సెల్, హీమోఫీలియా, పార్కిన్సన్స్, కండరాల క్షీణత మాత్రం ఉన్నాయి. కాబట్టి "ఇంత పెద్ద జబ్బుకు శాతం వేయరా?" అని బోర్డు దగ్గర వాదించి లాభం లేదు. మీ దారి ఏదో ముందే తేల్చుకోవాలి.

■ నెలకు ఎంత వస్తుంది?

2024 జూలై నుంచి ఇస్తున్న మొత్తాలు ఇవి:

• 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవారికి: రూ.6,000
• పక్షవాతం, తీవ్రమైన కండరాల క్షీణత, ప్రమాదం వల్ల పూర్తిగా మంచానికో, వీల్‌చైర్‌కో పరిమితమైనవారికి: రూ.15,000
• డయాలసిస్ చేయించుకుంటున్నవారికి, డయాలసిస్ లేకపోయినా దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు 3, 4, 5 దశల్లో ఉన్నవారికి: రూ.10,000
• కిడ్నీ, కాలేయం, గుండె మార్పిడి చేయించుకున్నవారికి: రూ.10,000
• తలసేమియా, సికిల్ సెల్, తీవ్ర హీమోఫీలియా ఉన్నవారికి: రూ.10,000
• రెండు కాళ్లకూ బోదకాలు నాలుగో దశలో ఉన్నవారికి: రూ.10,000

■ మీ జబ్బు ఏ దారిలోకి వస్తుంది?

కిడ్నీ జబ్బు: వైద్య పింఛను దారి. సదరం అక్కర్లేదు. ఉద్దానం ప్రాంతంలో లాగా ఏళ్ల తరబడి నెమ్మదిగా ముదిరే జబ్బు అయితే పాత క్రియాటినిన్ రిపోర్టులు పారేయకండి. జబ్బు దీర్ఘకాలికం అని చూపించేవి అవే. డయాలసిస్ చేయించుకునేవారు సెంటర్ వాళ్లు ఇచ్చే తేదీల రికార్డు ప్రతి నెలా ఒక కాపీ తీసుకోండి.

పక్షవాతం: దివ్యాంగుల దారి. ఇక్కడ చాలామందికి తెలియని నిబంధన ఒకటి ఉంది. నరాల జబ్బుల వల్ల వచ్చే వైకల్యాన్ని జబ్బు మొదలైన ఆరు నెలల తర్వాతే కొలుస్తారు. ఈలోగా ఫిజియోథెరపీతో చేయి, కాలు కొంత తేరుకునే అవకాశం ఉంటుంది కాబట్టి. అందుకే స్ట్రోక్ వచ్చిన రెండో నెలలో క్యాంపుకు వెళ్తే మళ్లీ రమ్మంటారు. ఆ ఆరు నెలలు ఎప్పటి నుంచి లెక్కపెట్టాలో చెప్పేది మొదటి రోజు ఆసుపత్రి చీటీ. దాన్ని, సీటీ లేదా ఎంఆర్ఐ రిపోర్టును, డిశ్చార్జి సమ్మరీని జాగ్రత్తగా పెట్టుకోండి. మాట పోయినా, తడబడుతున్నా అది కూడా చెప్పండి. స్ట్రోక్ వల్ల మాట పోవడం వాక్ వైకల్యం కింద విడిగా లెక్కకు వస్తుంది.

క్యాన్సర్: జబ్బు పేరు మీద రెండు దారుల్లోనూ చోటు లేదు. అయితే చికిత్స వల్ల శాశ్వతంగా మిగిలిన లోపానికి దివ్యాంగుల దారి ఉంది. ఎముక క్యాన్సర్‌లో కాలు తీసేస్తే అది చలన వైకల్యం. గొంతు క్యాన్సర్‌లో స్వరపేటిక తీసేస్తే అది వాక్ వైకల్యం. దరఖాస్తులో "క్యాన్సర్" అని మాత్రమే రాసి వదిలేయకండి, మిగిలిపోయిన లోపం ఏమిటో రాయించండి.

సికిల్ సెల్, తలసేమియా, హీమోఫీలియా: వైద్య పింఛను దారి. ఇవి 21 వైకల్యాల జాబితాలో కూడా ఉన్నాయి కాబట్టి యూడీఐడీ కార్డు కూడా అడగవచ్చు. పాడేరు, అరకు, సీతంపేట వైపు ఉన్నవారు ఒకటి గమనించాలి. సికిల్ సెల్ వాహకులు వేరు, జబ్బు ఉన్నవారు వేరు. వాహకులకు పింఛను రాదు. రక్తపరీక్ష రిపోర్టులో ఏది రాశారో డాక్టరుగారిని అడిగి తెలుసుకోండి.

షుగర్: షుగర్ ఉన్నంత మాత్రాన పింఛను లేదు. కానీ షుగర్ వల్ల కాలు తీసేసినా, చూపు బాగా తగ్గినా దివ్యాంగుల దారి తెరుచుకుంటుంది. రెండూ ఉంటే రెండూ చూపించుకోవాలి. ఒక లోపానికి 30 శాతం, ఇంకోదానికి 20 శాతం వస్తే వాటిని కలిపే సూత్రం వేరే ఉంది. మామూలు కూడికలా 50 రాదు, కానీ 40 దాటుతుంది. ఒక్కదానికే చూపించుకుంటే 30 దగ్గరే ఆగిపోతారు.

■ సదరం సర్టిఫికెట్ ఎలా తీసుకోవాలి?

1. గ్రామ, వార్డు సచివాలయంలో గానీ, మీసేవలో గానీ ఆధార్ ఇచ్చి స్లాట్ బుక్ చేయించుకోండి. యూడీఐడీ కార్డుకు స్వావలంబన్ పోర్టల్‌లో సొంతంగా కూడా దరఖాస్తు చేయవచ్చు.
2. తేదీ, ఆసుపత్రి పేరు మెసేజ్‌లో వస్తాయి. వాడుకలో ఉన్న ఫోన్ నంబరే ఇవ్వండి.
3. ఆ రోజు ఆధార్, ఫొటోలు, వైద్య రిపోర్టులు అసలువి, జిరాక్సులు రెండూ తీసుకెళ్లండి.
4. సర్టిఫికెట్ చేతికి రాగానే పేరు, వైకల్యం రకం, శాతం, తాత్కాలికమా శాశ్వతమా అన్నవి చూసుకోండి. తాత్కాలికం అయితే గడువు తేదీ ఉంటుంది. అది దాటక ముందే మళ్లీ స్లాట్ తీసుకోవాలి.

యూడీఐడీ కార్డు రంగు చూసినా శాతం తెలుస్తుంది. 40 లోపు తెలుపు, 40 నుంచి 80 లోపు పసుపు, 80 ఆపైన నీలం.

మనిషి మంచం దిగలేని స్థితిలో ఉంటే ఆ సంగతి ముందే సచివాలయంలో కాగితం మీద రాసి ఇచ్చి, రసీదు తీసుకోండి. 2025లో రూ.15,000 పింఛన్ల తనిఖీకి వైద్య బృందాలు ఇళ్లకే వెళ్లాయి. కాబట్టి ఇంటికి వచ్చి చూడమని అడగడంలో తప్పేమీ లేదు.

■ బోర్డు ముందు ఏం చెప్పాలి?

"ఎలా ఉన్నారు?" అని డాక్టరు అడిగితే "పర్లేదండీ" అనడం మన అలవాటు. అక్కడ ఆ మాట అనకండి. బోర్డుకు ఉండేది కొద్ది నిమిషాలే. జబ్బు కథ మొత్తం చెప్పేంత సమయం దొరకదు. ఏ పని చేయలేకపోతున్నారో అది చెప్పండి.

• చొక్కా గుండీలు సొంతంగా పెట్టుకోగలరా?
• బాత్రూంకు ఒక్కరే వెళ్లగలరా, ఎవరైనా పట్టుకోవాలా?
• అన్నం కలుపుకుని తినగలరా?
• ఎంత దూరం నడిస్తే ఆగిపోతారు?
• నెలలో ఎన్నిసార్లు పడిపోతున్నారు?

రోజూ దగ్గరుండి చూసుకునే మనిషే వెంట వెళ్లాలి. భార్య చేయించే పనులు పక్క ఊరి నుంచి వచ్చిన తమ్ముడికి తెలియవు.

ఉన్నది దాచకండి, లేనిది చెప్పకండి. శాతం ఎక్కువ వేయిస్తామని డబ్బులు అడిగేవాళ్లను నమ్మవద్దు. తర్వాత తనిఖీలో శాతం తగ్గితే పింఛనూ పోతుంది, ఇచ్చిన డబ్బూ పోతుంది.

■ ఇంటి అర్హతలు కూడా చూసుకోండి

వైద్యపరంగా అన్నీ సరిగ్గా ఉన్నా కంప్యూటర్‌లో "అనర్హులు" అని రావచ్చు. సాధారణంగా చూసేవి ఇవి:

• కుటుంబ నెల ఆదాయం గ్రామాల్లో రూ.10,000, పట్టణాల్లో రూ.12,000 లోపు ఉండాలి
• మాగాణి 3 ఎకరాల లోపు, లేదా మెట్ట 10 ఎకరాల లోపు, రెండూ కలిపితే 10 ఎకరాల లోపు
• కరెంటు వాడకం నెలకు సగటున 300 యూనిట్ల లోపు
• ప్రభుత్వ ఉద్యోగి, ప్రభుత్వ పెన్షనరు, ఆదాయపన్ను కట్టేవారు కుటుంబంలో ఉండకూడదు
• నాలుగు చక్రాల సొంత వాహనం ఉండకూడదు. ట్యాక్సీ, ట్రాక్టర్, ఆటోలకు మినహాయింపు ఉంది
• పట్టణంలో సొంత ఇల్లు వెయ్యి చదరపు అడుగుల లోపు ఉండాలి

ఇక్కడ వచ్చే చిక్కుల్లో చాలావరకు రికార్డు తప్పులే. ఇంటి ఓనరు మీటరు మీ ఆధార్‌కు లింక్ అయి ఉండవచ్చు. ఎప్పుడో అమ్మేసిన పొలం ఇంకా మీ పేరునే చూపించవచ్చు. వేరు కాపురం పెట్టిన కొడుకు ఉద్యోగం మీ కుటుంబం కిందే కనిపించవచ్చు. ఏ కారణంతో ఆగిందో సచివాలయంలో స్పష్టంగా అడగండి. మీటరు సంగతి కరెంటు ఆఫీసులో, పొలం సంగతి రెవెన్యూలో, కుటుంబం మ్యాపింగ్ సంగతి సచివాలయంలో సరిచేయించుకోవాలి.

సాధారణంగా ఇంటికి ఒకే పింఛను. అయితే తీవ్ర వైకల్యం, డయాలసిస్ లాంటి వాటికి మినహాయింపులు ఉన్నాయి. "మీ అత్తగారికి వస్తోంది కదా, నీకు రాదు" అని ఎవరో అంటే అక్కడితో ఆగిపోకండి, దరఖాస్తు పెట్టి సమాధానం తీసుకోండి.

కొత్త పింఛన్ల దరఖాస్తులు ఎప్పుడు తీసుకుంటారో ప్రభుత్వం ప్రకటిస్తుంది. సర్టిఫికెట్, రిపోర్టులు, రికార్డు సవరణలు మాత్రం అప్పటిదాకా ఆపాల్సిన పని లేదు. ప్రకటన వచ్చాక స్లాట్ కోసం పరిగెత్తితే ఆలస్యమవుతుంది.

■ మంజూరయ్యాక

పింఛను ప్రతి నెలా 1వ తేదీన ఇంటి దగ్గరే ఇస్తారు. ఆ రోజు సెలవైతే ముందు రోజు ఇస్తారు. ఆసుపత్రిలో ఉండి ఒక నెలో, రెండు నెలలో తీసుకోలేకపోతే భయపడకండి. మూడో నెలలో మొత్తం కలిపి ఇస్తారు. కానీ వరుసగా మూడు నెలలు తీసుకోకపోతే ఊరు వదిలి వెళ్లిపోయినట్టు లెక్కగట్టి ఆపేస్తారు. హైదరాబాద్, చెన్నై, వెల్లూరు వైపు వైద్యానికి వెళ్లేవారు ఈ లెక్క గుర్తుపెట్టుకోవాలి. రాష్ట్రంలోనే వేరే ఊళ్లో కూతురి దగ్గరో, కొడుకు దగ్గరో ఉండాల్సి వస్తే పింఛను అక్కడికి బదిలీ చేయమని సచివాలయంలో అడగవచ్చు.

■ రాదన్నా, తనిఖీ నోటీసు వచ్చినా

నోటి మాటతో వెనక్కి రావద్దు. కారణం రాతపూర్వకంగా అడగండి. సర్టిఫికెట్ మీద అభ్యంతరం ఉంటే అప్పీలు చేసుకునే హక్కు 2016 చట్టంలోనే ఉంది. 2025 ఆగస్టులో శాతం తగ్గిందని నోటీసులు అందుకున్నవారికి కూడా అప్పీలు అవకాశం ఇచ్చారు. గ్రామాల్లో ఎంపీడీవోకు, పట్టణాల్లో మున్సిపల్ కమిషనర్‌కు అర్జీ ఇవ్వాలి. నోటీసులో రాసిన గడువు దాటనివ్వకండి. పరిష్కారం కాకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చి నంబరు తీసుకోండి. అర్జీ ఎక్కడిదాకా వచ్చిందో 1100కు ఫోన్ చేసి తెలుసుకోవచ్చు.

■ పింఛనుతో సంబంధం లేకుండా దొరికేది

క్యాన్సర్, కిడ్నీ, గుండె, తలసేమియా, సికిల్ సెల్, హీమోఫీలియా రోగులకు వైద్యం కోసం వెళ్లే రైలు ప్రయాణంలో రాయితీ ఉంది. దీనికి సదరం అక్కర్లేదు. రైల్వే ఫారం మీద ఆసుపత్రి డాక్టరు సంతకం, ముద్ర ఉండాలి.

■ ఒక్క ఫైలులో ఇవన్నీ పెట్టుకోండి

☐ ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్ కాపీలు
☐ జబ్బు మొదలైన నాటి ఆసుపత్రి చీటీ
☐ డిశ్చార్జి సమ్మరీలు, ఆపరేషన్ కాగితాలు
☐ స్కానింగ్, రక్తపరీక్షల రిపోర్టులు, తేదీల వరుసలో
☐ సదరం సర్టిఫికెట్ లేదా వైద్యుల నిర్ధారణ పత్రం
☐ దరఖాస్తు రసీదులు, అర్జీ నంబర్లు

ప్రతి కాగితాన్నీ ఫోన్‌లో ఫొటో తీసి, ఇంట్లో ఇంకొకరికి వాట్సాప్ చేసి ఉంచండి. మంచంలో ఉన్న మనిషి కాగితాల కోసం తిరగలేరు. ఆ పని ఇంట్లో ఒకరు బాధ్యతగా తీసుకోవాలి. మీ వీధిలో ఇలాంటి జబ్బుతో ఎవరైనా ఉంటే ఈ పీడీఎఫ్ వాళ్లకు పంపండి. చదవడం రానివారైతే పక్కన కూర్చుని చదివి వినిపించండి.