వావిలికి దూరపు చుట్టము

పొలము గట్టున ఎవరును నాటకయే పెరుగు వావిలిని ఎరుగని పల్లెటూరి ఇల్లాలుండదు. అయిదు వ్రేళ్లు చాచిన అరచేతివలె నుండి, అడుగున బూడిదవన్నె కలిగి, నలిపినంతనే ఘాటుగా గుప్పుమను ఆ యాకును కాగులో మరిగించి బాలింతకు నీళ్లు పోయుట మన యాచారము. ఆ వావిలికి మధ్యధరా సముద్రతీరమున తోబుట్టువు వంటి పొద యొకటి కలదు. మధ్యయుగమున మఠవాసులు దాని ఫలములను మిరియములకు మారుగా వాడి కామమును జయింపజూచిరట. జయించిరో లేదో ఆ మఠముల గోడలకే తెలియవలెను. ‘సన్యాసుల మిరియము’ అను పేరు మాత్రము నిలిచినది.

నెలసరికి వారము పది దినముల ముందే మొదలై, ముట్టు రాగానే సద్దుమణగు రొమ్ముల సలుపును, కడుపుబ్బరమును, హేతువు తోచని కన్నీటిని న్యూయార్కు వైద్యుడు రాబర్టు ఫ్రాంకు 1931లో వైద్యలోకము దృష్టికి తెచ్చెను. మన యిండ్లలో మాత్రము ‘దానికి కోప మెక్కువ’ అను నొక్క మాటతో సరిపుచ్చుచుండిరి. ఈ బాధకు ఆ సన్యాసుల మిరియపు ఫలముల సారము పనిచేయునా యని జర్మనీలో 170 మంది స్త్రీలపై పరీక్షించి, ఫలితములను 2001లో ప్రకటించిరి. మూడు నెలసరుల కాలము సారపు బిళ్లలు మ్రింగినవారిలో నూటికి 52 మందికి బాధ సగమో, అంతకు మించియో తగ్గెను. ఉత్తుత్తి బిళ్లలు మ్రింగినవారిలోను నూటికి 24 మందికి అట్లే తగ్గెను. ఈ రెండవ సంఖ్యను మందులమ్మువారు చెప్పరు.

ఆ సారము మెదడులో డోపమైన్ వలె ప్రవర్తించి ప్రొలాక్టిన్ స్రావమును తగ్గించునని శాస్త్రజ్ఞుల యభిప్రాయము. కనుకనే గర్భిణులును, పాలిచ్చు తల్లులును దానిని ముట్టరాదు. గర్భనిరోధక మాత్రలుగాని మానసిక వ్యాధుల మందులుగాని వాడువారు వైద్యుని అడుగక వాడరాదు. ఇక పరీక్షకు నిలిచినది ఆ పొద ఫలమేగాని మన గట్టుమీది వావిలాకు కాదు. చుట్టరికమును నమ్మి ఆకు కషాయము త్రాగుట అక్కకు వ్రాసిన మందు చెల్లెలికి పోయుటయే. ఇదే బాధకు కుంకుమపువ్వును దినమునకు 30 మిల్లీగ్రాముల చొప్పున టెహరానులో పరీక్షించి, 2008లో మేలు కనబడినదని ప్రకటించిరిగాని, పరీక్షలో పాల్గొన్నవారు ఏబదిమందియే.

ఏ మందైనను వ్రాయుటకు ముందు రెండు నెలలపాటు ఏనాడు ఏ బాధ కలిగెనో గుర్తు పెట్టుకొని రమ్మని నేటి వైద్యులు కోరుచున్నారు. మా పెద్దమ్మ వంటింటి కాలెండరుపై కొన్ని తేదీల ప్రక్క బొగ్గుతో చుక్కలు పెట్టెడిది. అవి పాల లెక్కలని మేము చాలకాలము నమ్మితిమి.