తీర్థయాత్రకు ఒక్క దినము

తీర్థమనగా తరింపజేయునది. దాటుట అను అర్థముగల ‘తౄ’ ధాతువునుండి ఈ శబ్దము పుట్టినది. దాటవలసినది దూరమును కాదు, మనోమాలిన్యమును. కావున తీర్థము కాశిలోనే యుండవలెనను నియమము లేదు.

కమ్మర్‌పల్లినుండి ఉదయము బయలుదేరి సాయంకాలమునకు ఇల్లు చేరదగిన క్షేత్రములు మనకు పెక్కు గలవు. భీంగల్ చెంత లింబాద్రిగుట్టపై నృసింహస్వామి, ఆర్మూరున బండరాళ్ళ నడుమ నవనాథ సిద్ధేశ్వరుడు, డిచ్‌పల్లిలో శిల్పశోభితమైన రామాలయము. ఇందూరు ఖిల్లాపై రఘునాథుడున్నాడు. నిజాం పాలనలో ఆ కోటయే చెరసాల. అచట బందీయైన దాశరథి కృష్ణమాచార్యులు గోడలపై బొగ్గుతో పద్యములు వ్రాసిరి. స్వామిని సేవించినవారు ఆ త్యాగమును గూడ స్మరింపవలెను. కందకుర్తిలో గోదావరితో మంజీర, హరిద్రానదులు సంగమించుచున్నవి. హరిద్ర యనగా పసుపు. మన చేలలో పండు పంట పేరే ఆ నదికిని!

అయితే ఒకే దినమున అన్నిటిని చుట్టివచ్చువారికి మెట్లు గుర్తుండును, మూర్తి గుర్తుండదు. దినమునకొక క్షేత్రము చాలునని మేము చెప్పుచున్నాము. గుట్ట ఎక్కలేని తల్లిదండ్రులను ఇంట విడిచి పోవుటకన్న, వారితో గూడి నదీతీరమునకు పోవుట మేలు. వారి అడుగుతో అడుగు కలిపి నడచుటయే మొదటి ప్రదక్షిణము.