అసుర సంధ్య వేళ గులాబీ బంతి

2020 డిసెంబర్ 19, శనివారం. కరోనా టైమ్, ఆన్‌లైన్ క్లాసులు, నేను అప్పుడు స్కూల్లో ఉన్నాను. పొద్దున తొమ్మిదిన్నరకి డాడీ, నేను టీవీ ముందు సెటిల్ అయ్యాం. అడిలైడ్‌లో ఇండియా-ఆస్ట్రేలియా డే-నైట్ టెస్ట్, మూడో రోజు. మన స్కోరు వికెట్ నష్టానికి 9. డాడీ "ఇదిగో స్నానం చేసొస్తా" అని లేచారు. ఆయన తల తుడుచుకుంటూ వచ్చేసరికి సగం టీమ్ లేదు. పదకొండు దాటకుండానే 36 ఆలౌట్. 1974లో లార్డ్స్‌లో చేసిన 42 అంతవరకు మన చెత్త రికార్డు, అది కూడా పోయింది. హేజిల్‌వుడ్ 8 పరుగులిచ్చి 5 వికెట్లు తీశాడు.

ఆ రోజు మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ఒక అంకుల్ మెసేజ్ పెట్టారు: "లైట్ల కింద టెస్టులు ఆడితే ఇంతే." అందరూ థమ్స్ అప్ కొట్టారు. నేనూ కొట్టాను.

కానీ ఒక్కసారి ఆలోచించండి. మనకి పొద్దున పదిన్నర అంటే అడిలైడ్‌లో మధ్యాహ్నం మూడున్నర. అక్కడ ఎండాకాలం, సూర్యుడు అస్తమించేది ఎనిమిది దాటాక. అంటే 36 ఆలౌట్ జరిగింది మిట్ట ఎండలో! లైట్లకి దానితో ఏ సంబంధమూ లేదు. ఇది నాకు అర్థం కావడానికి నాలుగేళ్ళు పట్టింది, అది కూడా హాస్టల్లో గొడవ పడుతుండగా. ఆ గొడవే ఈ వ్యాసానికి కారణం. (ఇంగ్లీష్ మీడియం బ్యాచ్‌ని, తప్పులుంటే క్లబ్ అక్కవాళ్ళు ఆల్రెడీ దిద్దేశారు. ఇంకా మిగిలితే అవి నావే.)

ముందు అసలు టెస్టుల్ని రాత్రికి ఎందుకు జరపాలనుకున్నారో చూద్దాం. కారణం సింపుల్, జనం లేరు. టెస్ట్ మ్యాచ్ టైమింగ్స్ మన కాలేజీ టైమింగ్స్ లాంటివే, తొమ్మిదిన్నర నుంచి నాలుగున్నర దాకా. పని ఉన్నవాడు ఎవడు వెళ్తాడు? 2024 జనవరిలో ఉప్పల్‌లో ఇంగ్లండ్ టెస్ట్ పడింది. నేను ఇంటర్ సెకండియర్. గురువారం మొదలైంది, మేం శుక్రవారం మాత్రమే వెళ్ళగలిగాం, అది కూడా రిపబ్లిక్ డే సెలవు కాబట్టి. ఆదివారం నాడు మన సిరాజ్ స్టంపౌట్ అయ్యి 28 పరుగుల తేడాతో ఓడిపోయాం. ఓలీ పోప్ 196 కొట్టిన టెస్ట్ అది. అంత మంచి మ్యాచ్‌లో మొదటి రోజు నేను కెమిస్ట్రీ రికార్డు రాస్తూ స్కోరు చూసుకున్నాను, డాడీ ఆఫీసు క్యాబ్‌లో చూసుకున్నారు. మాలాంటి వాళ్ళ కోసమే ఈ ఐడియా పుట్టింది.

ఐడియా కొత్తదేం కాదు. 1970ల చివర్లో కెర్రీ ప్యాకర్ ఆస్ట్రేలియాలో సొంతంగా టోర్నీ పెట్టి లైట్ల కింద ఆడించాడు. మన దగ్గరే 1997లో ముంబై-ఢిల్లీ రంజీ ఫైనల్ గ్వాలియర్‌లో డే-నైట్‌గా జరిగింది, ఈ సంగతి మా హాస్టల్లో ఒక్కడికీ తెలీదు. అఫీషియల్ టెస్ట్ మాత్రం 2015 నవంబర్ 27న అడిలైడ్‌లో మొదలైంది, ఆస్ట్రేలియా-న్యూజిలాండ్ మధ్య. మ్యాచ్ మూడు రోజుల్లోనే అయిపోయింది. అయినా ఆ మూడు రోజుల్లో లక్షా ఇరవై వేల మందికి పైగా స్టేడియానికి వచ్చారు.

మరి ఇంతకాలం ఎందుకు ఆగారు? బంతి వల్ల. ఎర్ర బంతి రాత్రి కనిపించదు. మన కంట్లో రెండు రకాల సెల్స్ ఉంటాయి. కోన్స్ వెలుతురు బాగా ఉన్నప్పుడు రంగులు చూస్తాయి, రాడ్స్ వెలుతురు తగ్గినప్పుడు పనిలోకి దిగుతాయి. రాడ్స్‌కి ఎరుపు దాదాపు కనిపించదు. అందుకే చీకటి పడే టైమ్‌లో ఎర్ర మందారం నల్లగా, దాని ఆకులు మాత్రం ఇంకా తేటగా కనిపిస్తాయి. మీ ఇంటి పెరట్లో ఈ రోజే చెక్ చేసుకోవచ్చు. బంతి కూడా అంతే, గోధుమ రంగు పిచ్ మీద అది నల్ల ముద్దలా వస్తుంది.

పోనీ వన్డేల్లోలాగా తెల్లది వాడదామంటే, టెస్టుల్లో బట్టలే తెలుపు. పైగా టెస్టులో ఒక బంతి 80 ఓవర్లు ఆడాలి, తెల్ల బంతికి అంత ఓపిక లేదు, తొందరగా మాసిపోతుంది. పసుపు, నారింజ ట్రై చేశారు, చివరికి గులాబీ దగ్గర ఆగారు. కుట్టు రంగు కూడా మార్చి చూసి నల్ల దారం దగ్గరకి వచ్చారు.

అయితే బంతికి గులాబీ రంగు వేయడం అంటే గోడకి సున్నం వేసినట్టు కాదు. ఎర్ర బంతికి తోలుకే రంగు పట్టించి మైనం పూస్తారు, ఆడేకొద్దీ ఆ మెరుపు పోతుంది, బౌలర్ ఒకవైపు రుద్దుకుంటూ కాపాడుకుంటాడు. గులాబీ బంతికి రంగు నిలబడాలి కాబట్టి పైన లక్క పూత మందంగా ఉంటుంది. మెరుపు ఎక్కువసేపు ఉంటుంది. అంటే స్వింగ్ ఎక్కువసేపు. ఆ పూత చెదిరిపోకుండా పిచ్ మీద కాస్త గడ్డి కూడా వదులుతారు. అంటే సీమ్ కూడా ఎక్కువ.

ఇక్కడే నా సీఎస్ బుర్ర అడ్డం తిరుగుతుంది. ప్రోగ్రామ్‌లో బగ్ వస్తే ఒక్కసారికి ఒక్కటే మార్చి చూడమని మొదటి సెమిస్టర్‌లోనే చెప్తారు (మేం అన్నీ ఒకేసారి మార్చి, ఎందుకు పని చేసిందో తెలీకుండా సబ్మిట్ చేస్తాం, అది వేరే విషయం). డే-నైట్ టెస్టులో బంతి మారింది, పిచ్ మారింది, టైమ్ మారింది, మంచు వచ్చి చేరింది. ఇన్ని మార్చి, బ్యాటర్లు కుప్పకూలగానే "లైట్లు" అనేస్తే ఎలా? అడిలైడ్ 36లో లైట్లు లేవు, గులాబీ బంతి ఉంది, ముగ్గురు అద్భుతమైన పేసర్లు ఉన్నారు, ఎడ్జ్ అయిన ప్రతి బంతీ కీపర్ చేతుల్లోకో స్లిప్ దిక్కుకో పోయిన దరిద్రం ఉంది.

అహ్మదాబాద్ ఇంకా విచిత్రం. 2021 ఫిబ్రవరిలో ఇంగ్లండ్ మీద మ్యాచ్ రెండు రోజుల్లో ముగిసింది. మొత్తం 842 బంతులు. 30 వికెట్లు పడితే అందులో 28 స్పిన్నర్లవి! అక్షర్ పటేల్‌కి 11, చివరికి జో రూట్ కూడా 8 పరుగులిచ్చి 5 తీశాడు. స్వింగ్ కోసం భయపడిన బంతి స్పిన్ పిచ్ మీద ఏం చేసిందంటే, పూత వల్ల పిచ్ మీద పడి సర్రున జారింది. బ్యాటర్ టర్న్ కోసం ఆడాడు, బంతి తిన్నగా వచ్చింది, బౌల్డ్ లేదా ఎల్బీ. ఇందులో కూడా రాత్రి పాత్ర ఎంత, పిచ్ పాత్ర ఎంత, నిజంగా విడదీసి చెప్పడం కష్టం.

మరి లైట్ల తప్పు అసలు లేదా? ఉంది, కానీ రాత్రిలో కాదు, సాయంత్రంలో. మా నానమ్మ అసుర సంధ్య వేళ పడుకోనిచ్చేది కాదు, గడప మీద కూర్చోనిచ్చేది కాదు. బ్యాటింగ్ సంగతి ఆవిడని అడిగితే కచ్చితంగా వద్దనేది. ఎండ పోతుంటుంది, లైట్లు ఇంకా పూర్తిగా పట్టుకోవు, ఆకాశం కూడా అదో రకం గులాబీ రంగులోకి తిరుగుతుంది. కంట్లో కోన్స్ డ్యూటీ దిగుతుంటే రాడ్స్ ఎక్కుతుంటాయి. ఆ షిఫ్ట్ మారే టైమ్‌లో గంటకి నూట నలభై కిలోమీటర్ల స్పీడ్‌తో బంతి వస్తుంది. పూర్తిగా చీకటి పడ్డాక మళ్ళీ కొంచెం నయం.

ఈ సంధ్య ఎప్పుడు, ఎంతసేపు అన్నది ఊరిని బట్టి ఉంటుంది, దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. ఇంగ్లండ్‌లో ఆగస్టులో సాయంత్రం సాగుతూనే ఉంటుంది. 2017లో ఎడ్జ్‌బాస్టన్‌లో జరిగిన డే-నైట్ టెస్టులో కుక్ 243 కొట్టాడు. అడిలైడ్‌లో డిసెంబర్‌లో చివరి సెషన్ మధ్యలో పొద్దు గూకుతుంది. కోల్‌కతాలో? 2019 నవంబర్ 22న ఈడెన్‌లో మన మొదటి గులాబీ టెస్ట్ ఒంటిగంటకి మొదలైంది. కానీ అక్కడ ఆ నెలలో ఐదు కాకుండానే సూర్యుడు వెళ్ళిపోతాడు! అంటే రోజులో దాదాపు సగం ఆట లైట్ల కిందే. బంగ్లాదేశ్ 106కి ఆలౌట్, కోహ్లీ 136, ఇన్నింగ్స్ 46 పరుగుల తేడాతో మూడో రోజే ఖతం. స్టేడియం మాత్రం నిండింది.

తర్వాత మంచు. మన దగ్గర టెస్ట్ సీజన్ అంటేనే చలికాలం. రాత్రి ఏడు దాటితే గడ్డి తడుస్తుంది, బంతి సబ్బులా జారుతుంది, స్పిన్నర్ తువ్వాలుతో తుడుచుకోవడమే సరిపోతుంది. వైజాగ్‌లో రాత్రి వన్డే చూసినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. ఈడెన్‌లో ఒంటిగంటకే మొదలుపెట్టింది కూడా మంచు ముదరక ముందే ముగించాలనే. కానీ దీనితో ఒక తమాషా జరిగింది. ఆఫీసు వాళ్ళ కోసం ఆట సాయంత్రానికి జరిపి, మంచు కోసం మళ్ళీ మధ్యాహ్నానికి లాగితే, ఆరింటికి లాగౌట్ అయినవాడికి మిగిలేది ట్రాఫిక్ పోగా ఓ గంట ఆట.

2022 మార్చిలో బెంగళూరులో శ్రీలంక మీద ఇంకొకటి జరిగింది. మొదటి రోజే 16 వికెట్లు పడ్డాయి, ఐసీసీ ఆ పిచ్‌కి సగటు కంటే తక్కువ అని రేటింగ్ ఇచ్చింది. అదే మన దేశంలో ఆఖరుది, తర్వాత పురుషుల డే-నైట్ టెస్ట్ ఒక్కటీ పెట్టలేదు. మూడు మ్యాచ్‌లూ మూడు రోజుల లోపే అయిపోయాయి. ఐదు రోజుల ఆట అమ్మి రెండు రోజులే చూపిస్తే బోర్డుకీ నష్టమే, టికెట్ కొన్నవాడికీ నష్టమే.

మా రూమ్మేట్ వాదన ఏంటంటే, అయితే ఎత్తేయండి, టెస్ట్ అంటే పగలే. నేను ఒప్పుకోను. గులాబీ బంతితో 2016లో దుబాయ్‌లో అజహర్ అలీ 302 నాటౌట్, 2019లో అడిలైడ్‌లో వార్నర్ 335 నాటౌట్ కొట్టారు. 2021లో స్మృతి మంధాన ఆస్ట్రేలియాలో వాళ్ళ మీదే 127 చేసింది. ఇక 2024 డిసెంబర్‌లో అదే అడిలైడ్‌లో మనవాళ్ళు 180, 175కి ఆలౌట్ అయితే, రెండు ఇన్నింగ్స్‌లోనూ టాప్ స్కోరర్ మన వైజాగ్ కుర్రాడు నితీశ్ రెడ్డి. 42, 42. పెద్ద స్కోర్లు కావు, కానీ స్టార్క్ బౌలింగ్‌లో అందరూ చేతులెత్తేసిన చోట వాడు భయం లేకుండా ఆడాడు. మా ఫ్లోర్‌లో ఆ రోజు జరిగిన అల్లరికి వార్డెన్ సార్ పైకి వచ్చారు.

కాబట్టి ఆడలేనిదేం కాదు, అలవాటు లేనిది. 2016లో దులీప్ ట్రోఫీ గులాబీ బంతితో మొదలుపెట్టి కొన్నేళ్ళకే మానేశారు. కుర్రాళ్ళు దేశవాళీలో ఆడకుండా ఏడాదికో రెండేళ్ళకో ఒకసారి నేరుగా స్టార్క్ ముందు నిలబడితే ఏమవుతుందో చూశాం. ప్రాక్టీస్ టెస్ట్ రాయకుండా డైరెక్ట్‌గా ఎండ్ సెమ్‌కి వెళ్ళినట్టు.

నన్నడిగితే అన్నీ రాత్రికి మార్చక్కర్లేదు. ఉప్పల్ లాంటి చోట జనవరిలో పొద్దు గూకేది ఆరు గంటల ప్రాంతంలో. పదకొండున్నరకి మొదలుపెడితే ఆరున్నరకి అయిపోతుంది. లైట్ల కింద ఆట చివరి అరగంటే, మంచు ఇంకా దిగదు. అసుర సంధ్య ఒక్క గండం ఉంటుంది, అది రెండు టీమ్‌లకీ రోజూ ఉంటుంది కాబట్టి కెప్టెన్లు ప్లాన్ చేసుకుంటారు. స్కూలు పిల్లలకీ, మధ్యాహ్నం పర్మిషన్ పెట్టుకోగల వాళ్ళకీ ఒక సెషన్ అయినా దొరుకుతుంది. పూర్తి డే-నైట్ మాత్రం సీజన్‌కి ఒక్కటి, మంచు తక్కువ ఉండే ఊళ్ళో, ముందు రంజీ, దులీప్ అక్కడే అదే బంతితో ఆడించి.

ఇదంతా రూమ్మేట్‌కి బోర్డు మీద లెక్కలేసి చెప్పాను. వాడు మొత్తం విని, "సరే రా, పదకొండున్నర అంటే మన డీబీఎంఎస్ ల్యాబ్ కదా, ఎవడెళ్తాడు?" అన్నాడు.