పాసవుట్ అయ్యారా? పాపం!

డిగ్రీ చేతికొచ్చిన పిల్లవాణ్ణి “ఏ సంవత్సరం పాసవుట్?” అని అడగడం మనకు మామూలు. అమెరికా ఉద్యోగానికి పంపే దరఖాస్తులో “2019లో పాసవుట్ అయ్యాను” అని రాస్తే మాత్రం, అక్కడివారు “2019లో మూర్ఛపోయాను” అని చదువుకుని నవ్వుకోవచ్చు. ఎండకు తాళలేక పడినా, తాగి పడినా వాళ్లకు అదే మాట. తరగతిలో కాగితాలు పంచడమూ పాసవుట్ చేయడమే!

మన వాడుక బొత్తిగా ఆధారం లేనిదేమీ కాదు. సైనిక శిక్షణ ముగించి బయటికి రావడాన్ని బ్రిటిష్ వారూ అలాగే అంటారు. డెహ్రాడూన్ సైనిక అకాడమీలో, హైదరాబాదు పోలీసు అకాడమీలో జరిగేది పాసింగ్ అవుట్ పరేడే. కాలేజీ చదువుకు దాన్ని తగిలించుకున్నది మనం. దరఖాస్తులో “గ్రాడ్యుయేటెడ్” అని రాయించండి, పేచీ ఉండదు.

ఇంగ్లీషును ఆడిపోసుకునే ముందు మన “తప్పు” సంగతి చూడండి. పరీక్ష తప్పాడు, దారి తప్పాడు, మాట తప్పాడు, స్పృహ తప్పాడు. అన్నీ దిగులు కబుర్లే. కోడలు నెల తప్పిందంటే మాత్రం మిఠాయిలు పంచుతాం! బెంగుళూరులోనో బరంపురంలోనో పెరిగిన మన పిల్లలతో ఈ మాట అని చూడండి. “ఏ నెల?” అంటూ క్యాలెండరు వెతుకుతారేమో.