అరుదైన రోమన్ డెనారియస్ నాణేల సేకరణ

డెనారియస్ ప్రాచీన రోమన్ల ప్రధాన వెండి నాణెము. ఇది క్రీ.పూ. 211 ప్రాంతంలో మొదలై క్రీ.శ. 3వ శతాబ్దం మధ్యకాలం వరకు చలామణీలో ఉన్నది. పెద్ద సంఖ్యలో ముద్రింపబడినందువలన దీని సాధారణ రకాలు నేటికీ లభిస్తున్నాయి. కొన్ని రకాలు మాత్రం వేళ్ళమీద లెక్కించదగినన్నే మిగిలాయి. వీటిని గుర్తించి సేకరించడం నాణేల శాస్త్రంలో ఒక ముఖ్యమైన విభాగము.

నాణెము స్వరూపం

డెనారియస్ మొదట 10 "ఆస్" కంచు నాణేలకు సమానము. దాని పేరు కూడా "పదేసి" అనే అర్థమున్న లాటిన్ పదం నుండి వచ్చినదే. క్రీ.పూ. 141 ప్రాంతంలో దీని విలువను 16 ఆస్‌లకు మార్చారు. తొలి నాణేల బరువు సుమారు 4.5 గ్రాములు, కొద్దికాలానికే అది 3.9 గ్రాములకు తగ్గినది. క్రీ.శ. 64లో నీరో చక్రవర్తి బరువునూ, వెండి పాలునూ కూడా తగ్గించాడు.

వెండి బిళ్ళను రెండు అచ్చుల మధ్య ఉంచి సుత్తితో కొట్టి నాణెం తయారు చేసేవారు. అచ్చులను చేతితో చెక్కేవారు కనుక ఏ రెండు అచ్చులూ పూర్తిగా ఒకేలా ఉండవు. అందుచేత ఒక నాణెం ఏ అచ్చునుండి వచ్చినదో పోల్చి చెప్పవచ్చును.

అరుదైన రకాలు

* స్వల్పకాలం పాలించినవారి నాణేలు: క్రీ.శ. 68లో ఆఫ్రికాలో తిరుగుబాటు చేసిన క్లోడియస్ మేసర్, 193లో 66 రోజులు మాత్రమే పాలించిన డిడియస్ జూలియానస్ నాణేలు ఇందుకు ఉదాహరణలు.
* శ్రేణిలో అరుదైనవి: క్రీ.పూ. 32-31లో మార్క్ ఆంటోనీ తన సైనిక దళాల పేరిట ముద్రించిన నాణేలు సాధారణమే. కానీ వాటిలో మొదటి దళం పేరును "ప్రి" అని అక్షరాలలో చూపినది చాలా అరుదు.
* పునర్ముద్రణలు: ట్రాజన్ చక్రవర్తి పాత గణతంత్రకాలపు నాణేల నమూనాలను తన పేరు చేర్చి మళ్ళీ ముద్రించాడు.
* చారిత్రక ప్రసిద్ధి గలవి: జూలియస్ సీజర్ హత్య తరువాత బ్రూటస్ ముద్రించిన నాణెంపై బొమ్మ వైపు అతని ముఖం, బొరుసు వైపు రెండు బాకుల నడుమ స్వేచ్ఛకు గుర్తైన టోపీ ఉంటాయి. వీటిలో వెండివి సుమారు వంద వరకు తెలిసియున్నాయి.

అరుదైన నాణేలన్నీ ఖరీదైనవి కావు. క్రీ.పూ. 90లో పీసో ఫ్రూగి ముద్రించిన నాణేలపై వందలాది రకాల అచ్చు గుర్తులు ఉన్నాయి. ఒక గుర్తు గల నాణెం ఒకే ఒక్కటి తెలిసినా, ఆ భేదాన్ని కోరేవారు కొద్దిమందే గనుక దాని ధర ఎక్కువగా ఉండకపోవచ్చును. బ్రూటస్ నాణెం అంతకంటే ఎక్కువ సంఖ్యలో ఉన్నా, దానిని కోరేవారు అనేకులు.

గణతంత్రకాలపు రకాలను గుర్తించడానికి మైకేల్ క్రాఫర్డ్ 1974లో ప్రచురించిన గ్రంథంలోని సంఖ్యలను వాడుతారు.

నకిలీలు

ప్రాచీనకాలంలోనే రాగి బిళ్ళకు వెండి పూత పూసిన నాణేలు ఉండేవి. వీటిలో పూత ఊడినచోట రాగి కనబడుతుంది. జర్మనీకి చెందిన కార్ల్ విల్‌హెల్మ్ బెకర్ (1772-1830) స్వయంగా అచ్చులు చెక్కి నకిలీ నాణేలు తయారు చేశాడు. సాధారణ నాణెంపై అక్షరాలను చెక్కి మార్చి అరుదైనదిగా అమ్మడం మరొక పద్ధతి. బరువు, అంచున పోతపోసిన అతుకు జాడలు, తెలిసిన అచ్చులతో పోలిక మొదలైనవాటి ద్వారా నకిలీలను పట్టుకుంటారు.

దొరికిన చోటు ప్రాముఖ్యత

డెనారియస్ క్రీ.పూ. 187 ప్రాంతంలో మొదలైనదని 20వ శతాబ్దంలో కొందరు పండితులు వాదించారు. సిసిలీలోని మోర్గాంటినా నగరం క్రీ.పూ. 211లో ధ్వంసమైనది. ఆ శిథిలాల పొరలో డెనారియస్ నాణేలు లభించడంతో తొలి ముద్రణ కాలం స్థిరపడినది. అవే నాణేలను ఎవరో తవ్వి, చోటు చెప్పకుండా అమ్మి ఉంటే ఈ ఆధారం దక్కేది కాదు.

అందువలన నాణెం ఎవరి చేతులు మారి వచ్చినదో తెలిపే పత్రాలు ముఖ్యము. బ్రూటస్ నాణెపు బంగారు ప్రతి ఒకటి 2020లో లండన్ వేలంలో 30 లక్షల పౌండ్లకు పైగా ధర పలికినది. దాని పూర్వ యాజమాన్య వివరాలు కల్పితమని తేలడంతో 2023లో అమెరికా అధికారులు దానిని గ్రీసు దేశానికి అప్పగించారు.

భారతదేశంలో

భారతదేశంలో దొరికిన డెనారియస్‌లలో ఎక్కువ భాగం ఆగస్టస్, టిబెరియస్ చక్రవర్తులవి. నల్గొండ జిల్లా అక్కనపల్లిలో వెయ్యికి పైగా వెండి నాణేల నిధి బయటపడినది. కొన్ని నాణేలపై ఉలి గాట్లు కనిపిస్తాయి. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం 10 రూపాయలకు మించిన విలువగల నిధి దొరికినవారు కలెక్టరుకు తెలియజేయవలెను. 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన నాణేలను ప్రైవేటు వ్యక్తులు దేశం వెలుపలికి పంపరాదు.

సంస్కృతాంధ్రాలలోని "దీనారము" అనే మాట డెనారియస్ నుండి వచ్చినదే.